మాజీ సైనికుని వైద్యము

పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును జనులు మిలటరీ మాధవరమని పిలుతురు. తరతరములుగా ఇంచుమించు ప్రతి యింటినుండియు సైన్యమునకు మనుష్యుల నంపిన గ్రామమది. అట్టి గ్రామములనుండి సైనికుడు బయలుదేరునాడు మేళములతో సాగనంపుదుము. గాయపడి తిరిగివచ్చిననాడు పూలదండ వేయుదుము. ఆ దండ వాడిపోయిన పిదప, ముదిమియందు, అతనికి మందిచ్చువా రెవరు? ప్రభుత్వము దీనికి ఒకటికి రెండు సమాధానము లిచ్చినది. చిక్కంతయు నందే యున్నది.

మొదటిది 2003 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమైన మాజీ సైనికుల ఆరోగ్య పథకము, ఇ.సి.హెచ్.ఎస్. అని వాడుక. సేవాపింఛను గాని వైకల్యపు పింఛను గాని పొందు మాజీ సైనికు డిందు సభ్యుడు కావచ్చును. చందా ఒక్కసారియే చెల్లింపవలెను. యుద్ధమున వికలాంగులైనవారికి అదియును లేదు. దేశమందలి 400కు పైబడిన పాలీక్లినిక్కులలో నిత్యము వాడు మందులు లభించును. ఒప్పందముగల ఆసుపత్రులలో రొక్కము చెల్లింపకయే చికిత్స జరుగును. భార్యకును, ఆధారపడిన బిడ్డలకును, తల్లిదండ్రులకును ఇందు చోటు కలదు.

రెండవది ఆయుష్మాన్ భారత్. 2024 అక్టోబరు 29వ తేదీనుండి 70 ఏండ్లు నిండిన వారి కెల్లరకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏటికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స నిచ్చుట కేర్పాటైనది. మంచి పనియే. అయినను ఇది ఆసుపత్రిలో చేరినవారికి మాత్రమే. ఇంటనుండి నెలనెల మందులు తెచ్చుకొనువానికి కాదు. ఆ 5 లక్షలును ఇంటిలో 70 నిండిన వారందరకు కలిపియే. 70 నిండని భార్య కీ యేర్పాటులో పాలు లేదు.

ఇ.సి.హెచ్.ఎస్. సభ్యుడు ఈ రెంటిలో ఒకదానినే కోరుకొనవలెనని నిబంధన. ప్రైవేటు బీమా గలవాడో, రెంటిని ఉంచుకొనవచ్చును! ఒక్క బొక్కసమునుండి రెండు మారులు చెల్లింపరాదను వాదమును మేము కాదనము. ఒకే జబ్బునకు రెండు చెల్లింపులు మేమును కోరుటలేదు. ఎన్నిక తెలిసి జరుగవలె ననుటయే మా వాదము. హక్కు నెఱిగి విడుచుటయే విడుచుట. ఎఱుగక విడిచినది విడుపు కాదని న్యాయశాస్త్రము.

పాలీక్లినిక్కు దూరముననుండును. ఒప్పందపు ఆసుపత్రులకు బాకీలు సకాలమున చెల్లుటలేదను ఫిర్యాదు పలుమారులు వినవచ్చినది. ఇట్లు విసిగిన వృద్ధుడు, చేతికందిన క్రొత్త కార్డును చూచి పాతదానిని వదలుకొన్నచో, తాను పోగొట్టుకొన్న దేమో మధుమేహపు మందు నిండుకొన్ననాడు గాని యతనికి తెలియదు. కాలు దేశమున కిచ్చినవాడు కాగితమున సంతకము చేసి మందును పోగొట్టుకొనుట మనకు సిగ్గుచేటు.

కావున మేము కోరునది మూడు మాటలు. క్రొత్త కార్డు వ్రాయు నుద్యోగి, వచ్చినవాడు మాజీ సైనికుడా యని ముందుగా నడిగి, రెండు పథకముల భేదమును తెలుగున చదివి వినిపింపవలెను. తెలియక విడిచినవానికి మరల పాత పథకమున చేరుటకు దారి యుండవలెను. ఆసుపత్రుల బాకీలు గడువు లోపల తీరవలెను. అవి తీరనిచో కార్డు ఉండియు లేనట్లే.

ప్రభుత్వము మేల్కొనువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. పఠనమందిరములకు వచ్చు సోదరులారా! మీ వీధిలోని వృద్ధ సైనికుని పిలిచి ఈ నిబంధనలు చదివి వినిపింపుడు. అత్యవసరమున ఒప్పందములేని ఆసుపత్రిలో చేరవలసివచ్చినచో 48 గంటలలోపల పాలీక్లినిక్కునకు తెలుపవలెనని అతని యింటివారికి చెప్పుడు. సంతకము చేయుటకు ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు అతనిని వెంటబెట్టుకొని పొండు. దండ వేయుట ఒక్క దినపు పని. ఇది అతని జీవితకాలమంతయు మనము తీర్చవలసిన ఋణము.