బారు తీరిన అణువులు

పిల్లలూ! అమ్మ నడిగి ఒక అగ్గిపెట్టె తీసుకోండి. పుల్లలన్నీ బల్ల మీద కుమ్మరించండి. ఇప్పుడు వాటిని సర్దకుండా గుప్పెడు గుప్పెడుగా ఎత్తి పెట్టెలో పడెయ్యండి. పెట్టె మూతపడదు! అవే పుల్లలను ఒకే వైపుకు తిప్పి సర్దితే అన్నీ హాయిగా పట్టిపోతాయి. పుల్లలు మారలేదు, పెట్టె మారలేదు. మారినదల్లా వాటి అమరిక.

ఈ నెల మనం చెప్పుకోబోయే పుల్లలు కంటికి కనిపించవు. అవి అణువులు. వాటిని వరసగా సర్దటం ఎట్లాగా అని శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి శ్రమపడుతున్నారు. ఎందుకంటారా? వినండి.

ప్లాస్టిక్కు కరెంటును పోనివ్వదని మీకు తెలుసు. అందుకే కరెంటు తీగలకు దాన్ని తొడుగుతారు. కాని 1977లో షిరకావా, మాక్‌డయర్మిడ్, హీగర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక వింత లోకానికి తెలియజేశారు. పాలీఎసిటిలీన్ అనే పొరకు అయొడిన్ వంటి పదార్థాల ఆవిరి పట్టించేసరికి, అది లోహంలాగా కరెంటును పోనిచ్చింది! ఇందుకు 2000లో ఆ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇటువంటి కర్బన పదార్థాలు ఎన్నో ఉన్నవి. వాటిలో కొన్ని కరెంటును పూర్తిగా పోనివ్వవు, పూర్తిగా ఆపవు. వీటిని కర్బన అర్ధవాహకాలంటారు. ఈనాడు ఎన్నో ఫోన్ల తెరలలో వెలుగునిచ్చేవి ఈ పదార్థాల పలుచని పొరలే. అటువంటి దీపాన్ని తక్కువ కరెంటుతో చక్కగా వెలిగించి 1987లో కొడాక్ కంపెనీలో టాంగ్, వాన్ స్లైక్ అనేవారు చూపారు.

మామూలు ట్రాన్సిస్టర్లకు వాడే సిలికాన్‌ను కరిగించాలంటే 1414 డిగ్రీల వేడి కావాలి. ఈ కర్బన పదార్థాలకు అంత వేడి అక్కరలేదు. కొన్నిటిని సిరాలాగా కరిగించి, వంగే ప్లాస్టిక్కు కాగితం మీద పూయవచ్చు. చుట్టచుట్టి జేబులో పెట్టుకునే తెరలూ, చర్మానికి అంటుకుని నాడి చూసే పట్టీలూ వీటితో చేయవచ్చు. కాని ఒక పెద్ద చిక్కున్నది. వీటిలో కరెంటు నడక మందం. సిలికాన్‌లో కంటె వందల రెట్లు మందం!

ఎందువల్ల? ఇల్లు కట్టేచోట కూలీలు సిమెంటు తట్టలు అందించుకోవటం చూశారు గదా? అందరూ దగ్గర దగ్గరగా వరసకట్టి నిలబడితే తట్ట చేతులు మారుతూ క్షణంలో మేడ మీదికి చేరుతుంది. ఒకరు అటు తిరిగి, ఒకరు ఇటు తిరిగి, మరొకరు దూరంగా నిలబడితే తట్ట ఎక్కడిదక్కడే! ఈ పొరలలో కరెంటు కూడా చాలావరకు ఇట్లాగే ఒక అణువు నుంచి పక్క అణువుకు చేతులు మారుతూ పోతుంది. అణువులు బారు తీరి ఉంటే సరి, చిందరవందరగా ఉంటే కరెంటు చిక్కుపడిపోతుంది.

పెంటసీన్ అనే పదార్థాన్ని తీసుకుందాం. దీని అణువు చిన్న బద్దలాగా ఉంటుంది. ఆరు మూలల గళ్ళు అయిదింటిని పక్కపక్కన అతికిస్తే ఎట్లా ఉంటుందో అట్లాగన్న మాట. అందులో 22 కర్బన పరమాణువులు, 14 హైడ్రొజన్ పరమాణువులు ఉంటాయి. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే, ఈ బద్ద పొడుగు వాటిలో ఒకటిన్నర భాగం. దీనికి కరెంటును అందించే చేతులు కొసల్లో లేవు. చదునైన రెండు ముఖాల మీదా ఉన్నవి. కనుక కరెంటు బద్దల ముఖాల మీదుగా పక్కకు పోతుంది గాని, కొస నుంచి కొసకు తేలికగా దూకదు.

పెంటసీన్‌ను వేడిచేసి ఆవిరిని గాజు మీదికి పోనిస్తే, అణువులు దాదాపు నిటారుగా నిలబడతాయి! గాజుకూ వాటికీ అంత స్నేహం లేదు. అందుచేత ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకుని, భుజం భుజం కలిపి నిలుస్తాయి. అదే ఆవిరి శుభ్రమైన బంగారం మీద పడితే అణువులు చాపలాగా పడుకుంటాయి. లోహం వాటిని గట్టిగా ఆకర్షిస్తుంది మరి!

ఇక్కడే తంటా వచ్చింది. ట్రాన్సిస్టరులో కరెంటు గాజువంటి నేల మీదుగా అడ్డంగా పోవాలి. కాబట్టి అణువులు నిలబడితేనే మంచిది. కాని ఆ కరెంటును తెచ్చేది బంగారపు పట్టీ. పట్టీ మీద అణువులు పడుకుని, నేల మీద నిలబడితే రెంటికీ మధ్య వరస చెడిపోతుంది. కరెంటు గుమ్మంలోనే ఆగిపోతుంది! దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. గంధకం ఉన్న ఒక రకం అణువులను బంగారం మీద ఒకే ఒక వరస పరుస్తారు. అప్పుడు పెంటసీన్‌కు బంగారం తగలదు. అది అక్కడ కూడా లేచి నిలబడుతుంది.

నిలబడితే చాలదు, అందరూ ఒకే దిక్కుకు తిరగాలి. మామూలుగా ఈ పొరలు పొలంలోని మళ్ళలాగా ఏర్పడతాయి. ఒక్కొక్క మడిలో చాళ్ళు ఒక్కొక్క దిక్కుకు ఉంటాయి. మడికీ మడికీ మధ్య గట్టు దగ్గర కరెంటు తడబడుతుంది. అందుకని మళ్ళు పెద్దవి కావాలి, చాళ్ళు ఒకే దిక్కుకు ఉండాలి.

దీనికి రెండు మార్గాలు చెబుతాను. మీ ఇంట్లో దోసె అంటుకోని పెనం ఉన్నదా? దాని మీది పూత టెఫ్లాన్. 1991లో విట్‌మన్, స్మిత్ అనేవారు టెఫ్లాన్ దిమ్మను వేడి గాజు మీద నొక్కిపట్టి ఒకే వైపుకు లాగారు. గాజు మీద కంటికి ఆనని పూత మిగిలింది. దాని మీద పెంచిన పదార్థాల అణువులు, లాగిన దిక్కుకే వరసకట్టినవి!

రెండవది దోసె పోసినట్టే ఉంటుంది. కాని గుండ్రంగా తిప్పకూడదు, ఒకే వైపుకు లాగాలి. కరిగించిన పదార్థాన్ని వెచ్చని పలక మీద పోసి, పైన మరొక పలకను ఆనీ ఆనకుండా లాగుతారు. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెనాన్ బావో అనే శాస్త్రజ్ఞురాలి బృందం, కరిగే రకం పెంటసీన్‌తో ఇట్లా చేసింది. లాగే వేగాన్ని సరిగా ఎన్నుకుంటే అణువులు ఇంకా దగ్గరకు జరిగి బిగుసుకున్నవి. అందులో కరెంటు నడక అయిదు రెట్లకు పైగా పెరిగింది! 2013లో ఆమె బృందమే లాగే పలకకు సన్నని స్తంభాలు అమర్చింది. ద్రవం వాటి చుట్టూ సుడి తిరుగుతూ బాగా కలిసి, ఇంకా పెద్ద మళ్ళు ఏర్పడినవి.

అయితే ఎప్పుడూ నిలబడటమే మేలనుకునేరు! ఫోన్ తెరలో అణువులు పడుకోవటమే మంచిది. పడుకున్న అణువు తన వెలుగులో ఎక్కువ భాగాన్ని ఎదురుగా పంపుతుంది. మామూలు పొరలలో పుట్టే వెలుగులో సుమారు అయిదో వంతు మాత్రమే బయటికి వస్తుంది. మిగిలినది లోపలే చిక్కుకుపోతుంది. కనుక పడుకునే అణువులున్న తెర, అంతే కరెంటుతో ఎక్కువ కాంతినిస్తుంది.

చూశారా! ఒకే అణువు ఒకచోట నిలబడితే మేలు, మరొకచోట పడుకుంటే మేలు. ఏ పనికి ఏ అమరిక అని తెలుసుకోవటమే అసలు విద్య.

ఇప్పుడు మీకొక ప్రశ్న: ఎండనుంచి కరెంటు తీసే పలకలో అణువులు నిలబడాలా, పడుకోవాలా? కింద చూడకుండా ఆలోచించండి.

జవాబు: పడుకోవాలి. అందులో కరెంటు అడ్డంగా కాక, పొర పైనుంచి కిందికో, కిందినుంచి పైకో పోవాలి. అణువులు అప్పడాల దొంతరలాగా ఒకదాని మీద ఒకటి పడుకుంటే, కరెంటు ముఖం నుంచి ముఖానికి తేలికగా చేతులు మారుతుంది.