నర్మద్ కథలో మనం దాటేసే పేజీ

సూరత్ లో పుట్టిన గుజరాతీ రచయిత నర్మద్ (1833-1886) 1858లో బడి ఉద్యోగం మానేసి కలం మీదే బతకాలనుకున్నాడు. అప్పుల పాలయ్యాడు. అయినా 1864లో "దాండియో" పత్రిక పెట్టి మూఢనమ్మకాలను ఏకిపారేశాడు. మన వీరేశలింగం గారి "వివేకవర్ధని"కి పదేళ్ళ ముందు మాట ఇది! తర్వాత వితంతువును పెళ్ళి చేసుకున్నాడు.

ఇవన్నీ సభల్లో చెబుతాం. నాకు మాత్రం నచ్చింది అతని ఆత్మకథ "మారీ హకీకత్". ఊరి కథలు రాసేవాళ్ళకి సొంత కథ దగ్గర చెయ్యి వణుకుతుంది. నర్మద్ తన భయాలూ బలహీనతలూ రాసుకుని, 1866లో కొద్ది ప్రతులే అచ్చు వేయించి స్నేహితులకిచ్చాడు. జనానికి అందింది 1933లో, శతజయంతికి.

చివరి ఏళ్ళలో అతను సంస్కరణ వదిలి పాత ధర్మం వైపు మళ్ళాడు. హేతువాదులం ఈ ముక్క ఎత్తం. ఎందుకండీ? తన లోపాలు తానే రాసుకున్న మనిషికి మనం రంగు పూయడం దేనికి?