పన్ను విరిగితే పోట్లాట ఎవరితో?

"పిల్లలన్నాక కొట్టుకోకుండా ఉంటారా!" ఈ మాట ఎవరంటారో ఎప్పుడైనా గమనించారా? దెబ్బ తిన్న పిల్ల తల్లి అనదు. కొట్టిన పిల్లవాడి తల్లి అంటుంది, లేకపోతే స్కూలు వాళ్లంటారు. మాట అబద్ధమేం కాదు. పిల్లలు పరిగెడతారు, తోసుకుంటారు, పడతారు. మోకాలు చెక్కుకుపోతే నాలుగు రోజుల్లో పొక్కు కట్టి ఊడిపోతుంది. కానీ ముందు పన్ను విరిగితే? అది మళ్లీ మొలవదు.

పైవరసలో ముందుండే రెండు పళ్లు ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వస్తాయి. పిల్లలు మహా దుడుకుగా ఉండే వయసూ అదే. దెబ్బలు ఎక్కువగా తగిలేదీ ఆ రెంటికే. పన్ను బయటికి వచ్చాక కూడా లోపల దాని వేరు పూర్తిగా తయారవడానికి మరో మూడేళ్లు పడుతుంది. ఈలోగా దెబ్బ తగిలితే వైద్యం ఒక్క రోజులో తేలదు. రూట్ కెనాల్, పైన క్యాప్, మధ్యమధ్యలో ఎక్స్‌రేలు... పన్ను మొత్తం ఊడిపోతే మరీ కష్టం. ఇంప్లాంట్ అప్పుడే పెట్టరు. దవడ ఎదుగుదల ఆగాలి, అంటే ఇంచుమించు పద్ధెనిమిదేళ్లు దాటాలి. అంతవరకూ పెట్టుడు పన్నుతో నెట్టుకు రావాలి. మూడో తరగతిలో తగిలిన దెబ్బకి డిగ్రీ దాకా ఖర్చు పెడుతూనే ఉండాలన్నమాట!

మా వీధిలో జరిగిందే చెబుతాను. ఇద్దరు పిల్లలు, ఒకే స్కూలు, ఒకే ఆటో. మధ్యాహ్నం అన్నాల వేళ మంచినీళ్ల కుళాయి దగ్గర తోపులాటయింది. అబ్బాయి తోశాడు, అమ్మాయి వెళ్లి సిమెంటు గట్టుకి కొట్టుకుంది. పన్ను సగానికి విరిగింది. ఆయా ఐసు పెట్టి కూర్చోబెట్టింది. సాయంత్రానికి తల్లులిద్దరికీ పడింది. "మీవాడికి బుద్ధి చెప్పుకోండి" అని ఈవిడ, "మీ పిల్లే వాడికి అడ్డం వచ్చిందట" అని ఆవిడ. ప్రిన్సిపాలు గారు ఎంచక్కా "మీరూ మీరూ మాట్లాడుకోండమ్మా" అన్నారు. రెండు నెలల తర్వాత ఆ పిల్ల తండ్రి ఫీజు రసీదు తిరగేస్తే అందులో "ఇన్సూరెన్స్" అని ఒక పద్దు కనిపించింది! ఆరా తీస్తే, ఆ పాలసీలో ప్రాణం పోతేనో, కాలో చెయ్యో పోతేనో డబ్బిస్తారట. వైద్యం ఖర్చు అందులో లేనే లేదట. సరేనని ఇంట్లో అందరికీ ఉన్న హెల్త్ పాలసీ కింద కాగితాలు పెడితే, "ఆస్పత్రిలో చేరలేదు కదా" అని తిప్పి కొట్టారు. చివరికి తల్లి చిట్టీ డబ్బులు కదిలించింది. ఆ పిల్ల ఇప్పుడు నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తల్లులిద్దరూ ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు.

చూడబోయినవాళ్లు "అయ్యో, ఆడపిల్ల! రేపు పెళ్లెలా?" అన్నారు. "తల్లి కాస్త జాగ్రత్త చెప్పుకోవద్దూ" అన్నారు. స్కూల్లో దెబ్బ తగిలితే ఇంట్లో ఉన్న తల్లి ఏం చూడగలదు? పెళ్లి సంగతి తర్వాత, ఆ పిల్ల ఇవాళ జామకాయ కొరకాలా వద్దా? ఆ ఖర్చు ఎవరు భరించాలో ఒక్కరూ అడగలేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. 1860 నాటి శిక్షాస్మృతి ఆ మాటే చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ 20వ సెక్షన్ అదే. ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లకైతే, తాము చేస్తున్నదేమిటో, దాని ఫలితమేమిటో తెలిసేంత పరిణతి లేకపోతే నేరం కాదని 21వ సెక్షన్. కాబట్టి పోలీస్ స్టేషన్ మాట మర్చిపోండి. పోనీ ఆ పిల్లవాడి తల్లిదండ్రుల్ని అడుగుదామా? పిల్లవాడు చేసినంత మాత్రాన చట్టం నష్టపరిహారాన్ని తల్లిదండ్రుల నెత్తిన వెయ్యదు. వాళ్ల అజాగ్రత్త కూడా ఉందని మనం రుజువు చెయ్యాలి. పక్కింటి వాళ్ల మీద దావా వేసి తిరగడం మనవల్ల అయ్యే పనేనా? ఇక మిగిలింది స్కూలు. బడి వేళల్లో పిల్లల్ని జాగ్రత్తగల తల్లిదండ్రుల్లా కనిపెట్టుకు ఉండాల్సిన బాధ్యత వాళ్లది. "మీరూ మీరూ మాట్లాడుకోండి" అని తప్పుకోవడం కుదరదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ పోట్లాట ఇద్దరు తల్లుల మధ్య జరగాల్సింది కాదు. తప్పెవరిదని తేల్చుకునే అవసరం లేకుండా వైద్యం జరగాలి. అందుకే కదా బీమా అనేది పుట్టింది! జర్మనీలో 1971 నుంచి బడి పిల్లలందరికీ చట్టబద్ధమైన ప్రమాద బీమా ఉంది. బళ్లో పడినా, బడికి వెళ్లే దారిలో పడినా వర్తిస్తుంది. తల్లిదండ్రులు దానికి విడిగా ఏమీ కట్టక్కర్లేదు. ఎవరు తోశారని ఆ పిల్లల తల్లులు తగువు పడాల్సిన పనే లేదు.

మన దగ్గర ఆ భాగ్యం లేదు. ఉన్నవాటినైనా సరిగ్గా వాడుకుందామంటే మెలికలు. చాలా హెల్త్ పాలసీల్లో పళ్ల వైద్యానికి డబ్బివ్వరు. ప్రమాదం వల్ల అయితే ఇస్తామంటారు, కానీ ఆస్పత్రిలో చేరి ఉండాలంటారు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో దెబ్బ వల్ల చేయించుకునే పళ్ల వైద్యం కూడా ఉందని స్పష్టంగా రాశారు, సంతోషం. కానీ అక్కడా ఆస్పత్రిలో చేరిక తప్పదు. విరిగిన పన్ను బాగు చేయించుకోవడానికి ఇరవై నాలుగు గంటలు మంచమెక్కి పడుకునేదెవరు? కుర్చీలో కూర్చోబెట్టి చేసే వైద్యానికి మంచం షరతు పెట్టడం "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు" అన్నట్టు లేదూ? పిల్లలకి ప్రమాదంలో పళ్లకి తగిలే దెబ్బల వరకైనా ఈ షరతు ఎత్తెయ్యాలి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ మన హైదరాబాదులోనే ఉంది. ఈ సంగతి పట్టించుకోమని అడగడానికి మనకి ఢిల్లీ ప్రయాణం కూడా అక్కర్లేదు.

"ఫీజులకే చస్తుంటే మళ్లీ ఇన్సూరెన్సా?" అని మీరనుకోవచ్చు. న్యాయమైన మాటే. కానీ పిల్లలందరికీ కలిపి తీసుకునే గ్రూపు పాలసీకి తలకి పడేది తక్కువ. పైగా కొన్ని స్కూళ్లు ఆ డబ్బు మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నాయి. కాగితం మాత్రం చూపించవు. ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగాక ఇంకో నాలుగు మాటలు అడగండి. పిల్లలకి ప్రమాద పాలసీ ఉందా? అందులో వైద్యం ఖర్చులు ఉన్నాయా? పళ్లు ఉన్నాయా? నకలు ఇస్తారా? ఒక్కరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది అడిగితే ఇస్తారు.

జరగరానిది జరిగితే ముందు పన్ను సంగతి చూడండి. శాశ్వత పన్ను మొత్తంగా ఊడి వస్తే వేరుని ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తియ్యాలి. మట్టి ఉంటే నీళ్లతో ఒక్కసారి తొలపాలి, రుద్దకూడదు. వీలైతే వెంటనే చిగురులోని ఆ గుంటలోనే తిరిగి పెట్టాలి. లేకపోతే పాలల్లో వేసుకుని గంటలోపు, అంతకన్నా ముందైతే మరీ మంచిది, పళ్ల డాక్టరు దగ్గర ఉండాలి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు. ఈ సంగతి మన ఆయాలకీ టీచర్లకీ తెలియాలి. ఐసు పెట్టి సాయంత్రం దాకా కూర్చోబెడితే నిలిచే పన్ను కూడా నిలవదు.

తర్వాత కాగితాలు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరిగిందో స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. డాక్టరు గారి చీటీలో "దెబ్బ తగలడం వల్ల" అన్న మాట ఉండేలా చూసుకోండి. అది లేకపోతే పుచ్చు పన్ను కింద కట్టేస్తారు. ఎక్స్‌రేలు, పిల్ల పేరుతో ఉన్న బిల్లులు, విరిగిన పన్ను ఫొటో దాచండి. ముందుముందు చేయించాల్సిన వైద్యమేమిటో కూడా రాసి ఇమ్మనండి. కంపెనీకి వెంటనే తెలియజెయ్యండి. ఆలస్యమైనా వదిలెయ్యకండి, సరైన కారణం ఉంటే ఆలస్యమనే ఒక్క సాకుతో తిరస్కరించవద్దని 2011లోనే కంపెనీలకి ఆదేశాలున్నాయి.

కాదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల ఆఫీసూ హైదరాబాదులోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 155255కి ఫోను చేసినా దారి చెబుతారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికైతే రెండేళ్ల గడువుంది.

చివరగా, తోసిన పిల్లవాడి తల్లికి ఒక మాట. అమ్మా, మీవాడు రౌడీ కాదు, మాకూ తెలుసు. కానీ ఆ పిల్లని చూడ్డానికి వెళితే నేరం ఒప్పుకున్నట్టు అవుతుందని భయపడి తలుపేసుకోకండి. రెండు అరటిపళ్లు పట్టుకుని వెళ్లండి. మీవాడినీ వెంట తీసుకెళ్లండి. స్కూలు దగ్గరికి కూడా ఇద్దరూ కలిసే వెళ్లండి. ఒక్క తల్లి వెళితే గొడవంటారు. ఇద్దరూ కలిసి వెళితే "మీరూ మీరూ మాట్లాడుకోండి" అనే దారి మూసుకుపోతుంది.

క్లెయిము అడగడం ఎవరి మీదా నింద వెయ్యడం కాదు, పిల్లకి రావాల్సింది అడగడం. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక కంపెనీ పెడుతుందా?