ఆటల పీరియడును కాజేసిందెవరు?



మన పిల్లలు చదివే బడి టైంటేబుల్‌లో ఆటల పీరియడు అని ఒకటి రాసి ఉంటుంది. పరీక్షలు దగ్గరపడగానే అది లెక్కల మాస్టారి పాలవుతుంది. ఈ అపహరణను మనం ఇన్నాళ్ళూ సహించాం. నాలుగు మార్కులు ఎక్కువ వస్తాయని లోలోపల సంతోషించాం కూడా. కరువు భత్యంలో ఒక కిస్తీ ఆలస్యమైతే గేటు మీటింగు పెట్టే మనం, ఈ గంటను గూర్చి ఒక్క తీర్మానమైనా చేయలేదు. ఈ తప్పులో నాకూ భాగమున్నది.

ఆట ఒళ్ళు గట్టిపడటానికే తప్ప మరెందుకూ పనికిరాదనే పెద్దలున్నారు. వారిని 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో జరిగిన ఘోరాన్ని ఒక్కసారి తలచుకోమంటాను. ఒక దళిత విద్యార్థిని అతనితో చదివే బడి పిల్లలే ఇంటికి వచ్చి కొడవళ్ళతో నరికారు. అడ్డువచ్చిన చెల్లెలినీ వదలలేదు. అటుపిమ్మట తమిళనాడు ప్రభుత్వం నియమించిన జస్టిస్ చంద్రు కమిటీ, కులాన్ని చాటే రంగురంగుల చేతి దారాలను బడిలో నిషేధించాలని 2024 జూన్‌లో సిఫారసు చేసింది. మంచిదే. కాని దారం తెంచిన చేయి మరొక చేతిని పట్టుకోవడం ఎక్కడ నేర్చుకుంటుంది?

ప్రతిజ్ఞ ఉన్నది గదా అంటారు. అవును, దానిని రాసినవాడు మన తెలుగువాడే. పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉంటూ రాశారు. మనలాగే సర్కారు కొలువు చేసినవాడు. ఆ మాటల పట్ల నాకు గౌరవమే. అయితే ఉదయం రెండు నిమిషాలు వల్లించిన సోదర భావం మధ్యాహ్న భోజనం పంక్తి దాకా నిలవకపోవడం మన కళ్ళెదుటి సంగతి.

చెడుగుడును చూడండి. ముట్టుకోకుండా ఆ ఆట సాగదు. కూతకు వచ్చినవాణ్ణి పట్టాలంటే ఇరుపక్కలవాళ్ళు చేతులు కలపాలి. ఆ చేయి ఏ వాడదో విచారించే వ్యవధి ఉండదు. ఔటై గీత అవతల కూర్చున్నవాడు, తన జట్టువాడు ఎదుటివాణ్ణి ఔట్ చేస్తేనే తిరిగి బరిలోకి వస్తాడు. ఒకడి ఉనికి మరొకడి ఊపిరిపై ఆధారపడి ఉన్నదని పదేళ్ళ పిల్లవాడికి ఇంతకంటె తేటగా చెప్పే పాఠ్యపుస్తకమేదో నాకు చూపండి! 1974 మే సమ్మెనాటికి నేను పసివాణ్ణి. గ్యాంగ్‌మన్ ఇంటికీ గార్డు ఇంటికీ మధ్య బియ్యం నడిచిన రోజులవి అని మా నాన్నగారు చెప్పేవారు. సాయంత్రాలు ఒకే మైదానంలో వాలీబాల్ ఆడినవాళ్ళం కనుక బియ్యం అడగడానికి సిగ్గుపడలేదని కూడా చెప్పేవారు.

అయితే ఆడినంత మాత్రాన అంతా సర్దుకుంటుందని నేను భ్రమ పెట్టబోను. బొంబాయి క్రికెట్ పోటీలలో హిందూ జట్టు, ముస్లిం జట్టు, పార్సీ జట్టు, యూరోపియన్ జట్టు అని మతాల వారీగా బరిలోకి దిగేవారు. 1940లో గాంధీజీ తప్పుపట్టినా ఆ పోటీలు 1946 దాకా సాగాయి. ఆ హిందూ జట్టుకు గొప్ప బౌలరు దళితుడైన పల్వంకర్ బాలూ. పూనాలో ఆయన విసిరిన బంతిని తోటి ఆటగాళ్ళు పట్టుకునేవారు. టీ విరామంలో మాత్రం ఆయనకు పెవిలియన్ బయట వేరే మట్టి ముంతలో టీ పోసేవారు. జట్టు నాయకత్వం ఆయనకు దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. కాబట్టి జట్లు ఎలా కడుతున్నారు, నాయకుణ్ణి ఎవరు ఎన్నుకుంటున్నారు, మంచినీళ్ళ కుండ ఒక్కటేనా అన్నవే అసలు ప్రశ్నలు. చీటీలు వేసి జట్లు కట్టాలి. నాయకత్వం వంతులవారీగా మారాలి. ఆడపిల్లలను చెట్టుకింద కూర్చోబెట్టి స్కోరు రాయించడం మానాలి. ఇది తెలిసిన మనిషి చేయవలసిన పని. అతడే వ్యాయామ ఉపాధ్యాయుడు.

ఆ ఉపాధ్యాయుడేడి? 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాశారు. వ్యాయామ బోధకుని దగ్గరకు వచ్చేసరికి చేయి వణికింది. 6 నుండి 8 తరగతులున్న బడిలో పిల్లలు 100 మందికి మించితేనే, అదీ పార్ట్‌టైం బోధకుడట! పార్ట్‌టైం అనే మాట వెనుక ఏముంటుందో గ్రామీణ డాక్ సేవక్ సోదరులకు నేను వేరే చెప్పనక్కరలేదు. పాఠ్యాంశాలకూ ఆటపాటలకూ మధ్య గోడ ఉండరాదని 2020 జాతీయ విద్యా విధానం ప్రకటించింది. గోడ సంగతి తరువాత. మైదానమే లేని అపార్ట్‌మెంటు అంతస్తుల్లో బడులు నడుస్తున్నాయి. వాటికి అప్పుచేసి ఫీజు కడుతున్నవారిలో మనవారు తక్కువేమీ కాదు.

మన ఇల్లు మాత్రం చక్కగా ఉన్నదా? సింధు బ్యాడ్మింటన్‌లో ఓనమాలు దిద్దింది సికింద్రాబాదులోని రైల్వే సిగ్నల్ ఇంజనీరింగ్ శిక్షణ సంస్థ కోర్టులలోనే అని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు తెలిసిన ఒక రైల్వే కాలనీ మైదానం ఏడాదిలో సగం రోజులు పెళ్ళి పందిళ్ళకు, ఎగ్జిబిషన్లకు అద్దెకు పోతున్నది. మిగిలిన రోజులు గేటుకు తాళం. గోడ పక్కనే సర్కారు బడి ఉన్నది. ఆ పిల్లలు బడి వదిలాక రోడ్డుమీద ఆడుకుంటారు. తాళం తీయమని ఆ బ్రాంచి నుండి ఇంతవరకు అర్జీ అయినా పోలేదు. వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా దానినే పెట్టమని కార్యదర్శికి ఉత్తరం రాశాను. మీ బ్రాంచి మైదానం తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో మీరూ కనుక్కోండి.