ఆదివాసీ స్త్రీలకు భూమిలో వాటా, పట్టాలో పేరు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన ముఖ్య కార్యదర్శి గారికి,
గిరిజన సంక్షేమ శాఖ,
ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వెలగపూడి.

విషయం: షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆదివాసీ ఆడపిల్లలకు, వితంతువులకు భూమి హక్కు కల్పించడం గురించి.

అయ్యా,

మేము తూర్పు కనుమల ఏజెన్సీ గ్రామాల ఆదివాసీ మహిళలం. పోడులో కలుపు తీసేది, పసుపు ఉడకబెట్టేది, కాఫీ పండ్లు కోసేది, అడ్డాకులూ చింతపండూ సంతకు మోసేది మేమే. అయినా తండ్రి పోతే భూమి అన్నదమ్ముల పేరన ఎక్కుతుంది, భర్త పోతే కొడుకుల పేరనో మరిది పేరనో మారుతుంది. పాసుపుస్తకంలో పేరు లేక మాకు పంట రుణం, సాగు సాయం, పరిహారం అందడం లేదు.

గిరిజన స్త్రీకి స్వేచ్ఛ ఎక్కువని చాలాకాలంగా పుస్తకాలు చెబుతున్నాయి. అది అబద్ధమని మేము అనడం లేదు. మాలో ఓలి ఉంది, మారుమనువు ఉంది, సంతలో బేరమాడే చనువు ఉంది. కానీ ఆ పొగడ్త భూమి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. తానూ ఆదివాసీ అయిన ఆచార్య వర్జీనియస్ ఖాఖా 2004లో రాసిన వ్యాసంలో ఈ అంచనాలనే పరిశీలించారు. స్త్రీ హక్కును తెగ హక్కుకు పోటీగా నిలబెడుతున్న తీరునూ చర్చించారు. గిరిజనుల స్థితిగతులపై ఆయన అధ్యక్షతన కేంద్రం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2014లో నివేదిక ఇచ్చింది. అంటే మా సమస్య ప్రభుత్వానికి కొత్తది కాదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 2(2) ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఈ మినహాయింపును పునఃపరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో కేంద్రానికి సూచించింది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో ఇంకా స్పష్టంగా చెప్పింది. ఆడపిల్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని ఆమె రుజువు చేయనక్కర్లేదు. వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉన్నట్టు ఎవరూ రుజువు చేయనప్పుడు ఆమెను కాదనడం రాజ్యాంగం 14వ అధికరణకు విరుద్ధం.

ఆడపిల్లకు వాటా ఇస్తే భూమి గిరిజనేతరుల పాలవుతుందని మా పెద్దలు భయపడుతున్నారు. ఆ భయాన్ని మేము తేలికగా తీసుకోము, భూమి పోగొట్టుకున్న బాధ మా ఇళ్లలోనూ ఉంది. కానీ దానికి అడ్డుకట్టగా 1/70 చట్టం ఉంది. గిరిజనుల నుంచి గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని అది చెబుతోంది. మా ఆడపిల్లల పేరు ముసుగుగా పెట్టుకుని భూమి కొనే గిరిజనేతరులుంటే చర్య వారిపై తీసుకోవాలి. ఆ నేరానికి శిక్షగా ఆదివాసీ కూతుళ్లందరి వాటా రద్దు చేయడం న్యాయం కాదు. అన్న అమ్ముకుంటే ఆపే చట్టం చెల్లెలి భూమినీ కాపాడగలదు.

కాబట్టి మా కోరికలు ఇవి.

మొదటిది: రాజ్యాంగం అయిదవ షెడ్యూలులోని 5వ పేరా కింద, గిరిజన సలహా మండలిని సంప్రదించి, కూతురికీ కొడుకుకూ సమాన వాటా, భార్యకు స్థిరమైన హక్కు ఇచ్చే రెగ్యులేషన్ ముసాయిదాను గవర్నరు గారికి పంపాలి. ఆ వాటా 1/70కి లోబడే ఉంటుందని అందులో రాయాలి. రాష్ట్రపతి ఆమోదానికి సమయం పడుతుందని తెలుసు, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాం.

రెండవది: ఈలోగా వారసత్వ మ్యుటేషన్‌లో, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో ఆడపిల్లల పేర్లు వదిలేయరాదని తహసీల్దార్లకు ఉత్తర్వులు వెళ్లేలా చూడాలి. ఆచారం అడ్డొస్తుందన్నవారే దాన్ని రుజువు చేయాలి. పెళ్లయి వేరే ఊరు వెళ్లిందన్నది పేరు తీసేయడానికి కారణం కాకూడదు.

మూడవది: 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరన ఉండాలి. భర్త పేరు మాత్రమే ఉన్న పట్టాలను గ్రామసభల్లో చదివి సరిచేయాలి. ఒంటరి స్త్రీకి ఆమె పేరనే ఇవ్వాలి. ఇది కొత్త వరం కాదు, చట్టం అమలు మాత్రమే.

నాలుగవది: పోలవరం ముంపు గ్రామాల్లో వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలి. 2013 భూసేకరణ చట్టం నిర్వచనమే అది.

అయిదవది: ఆచారాలు తెగ తెగకూ మారతాయి. కోయ, కొండరెడ్డి, సవర, బగత ఆచారాలను శాఖలోని పరిశోధన సంస్థ ఇకపై నమోదు చేసేటప్పుడు స్త్రీలను విడిగా కూర్చోబెట్టి అడగాలి. కులపెద్దల మాట ఒక్కటే ఆచారంగా కోర్టులకు చేరితే మాకు తెలిసిన ఆచారం ఎక్కడా నమోదు కాదు.

ఒక్కో కోరికపై శాఖ నిర్ణయాన్ని, కాదంటే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని, నిర్ణయానికి ముందు మా ప్రతినిధులను పిలిచి మాట్లాడాలని కోరుతున్నాము.

ఇట్లు,
ఏజెన్సీ గ్రామాల ఆదివాసీ మహిళలు
(సంతకాలు, వేలిముద్రలు జతచేయడమైనది)