నరం చిట్లితే నింద ఎవరిమీద?



నిన్నటివరకు చక్కగా తిరిగిన మనిషి ఉన్నట్టుండి తల పట్టుకుని కూలిపోతే, "మెదడులో నరం చిట్లింది" అంటారు. వెంటనే ఇంకో మాట పుడుతుంది: "పొద్దున కోడలితో మాటామాటా అనుకుంది, అందుకే ఇట్లా అయింది." మన కనిగిరి ప్రాంతపు పల్లెల్లో ఇటువంటి మాట ఒకసారి పుడితే ఏళ్ల తరబడి ఆ కోడలిని వదలదు. అందులో నిజమెంతో ఈ నెల చూద్దాము.

చిట్లేది నిజానికి నరం కాదు, రక్తనాళం. మెదడు అడుగున రక్తనాళాలు కొమ్మలుగా చీలేచోట గోడ పలుచబడి, పాత సైకిలు ట్యూబు ఉబ్బినట్టు చిన్న బుడగలా ఉబ్బుతుంది. డాక్టర్లు దీనిని ఎన్యూరిజం అంటారు. పెద్దవారిలో నూటికి ముగ్గురికి ఇది ఉంటుందని అంచనా. అయితే వారిలో చాలామందికి అది జీవితాంతం చిట్లదు, ఉన్నట్టు కూడా తెలియదు.

చిట్లడానికి కాస్త ముందు ఏమి జరిగిందో నెదర్లాండ్స్ డాక్టర్లు 250 మంది రోగులను విచారించి, 2011లో ప్రకటించారు. కాఫీ, కోలా, బరువైన శ్రమ, గట్టిగా చీదడం, మలబద్ధకంతో ముక్కడం, దాంపత్యం, ఉలిక్కిపడడం, కోపం అనే ఎనిమిది తేలాయి. వీటివల్ల బి.పి. కాసేపు పైకి లేస్తుంది గనుక బుడగ చిట్లుతుందని వారి అభిప్రాయం. ఆ ఎనిమిదింటిలో కోపం వాటా అన్నిటికన్నా తక్కువ, నూటికి సుమారు ఒకటి. నిద్రలో ఉండగా చిట్లినవారూ ఉన్నారు. ఆ పూట అన్న మాట రక్తనాళపు గోడను పలుచన చేయలేదు. అది అంతకుముందే పలుచబడి ఉంది.

దానిని బలహీనపరిచేవాటిలో మనం మానుకోగలిగినవి పొగ తాగడం, అతిగా మద్యం, పట్టించుకోని బి.పి. పొగాకు పండే సీమ మనది. బీడీ, చుట్ట మన అరుగుల మీద కొత్తవి కావు. మన చేతిలో లేనివీ ఉన్నాయి. ఇది మగవారికన్నా ఆడవారికి ఎక్కువ. 40 ఏళ్లు దాటినవారిలో ఎక్కువగా చిట్లుతుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో ఇద్దరికి వచ్చి ఉంటే మిగతావారు డాక్టరుతో ఆ సంగతి చెప్పాలి. మూత్రపిండాలనిండా నీటితిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారు కూడా అంతే.

గుర్తులు మరచిపోవద్దు. పిడుగు పడ్డట్టు క్షణంలో వచ్చే తలనొప్పి, "పుట్టి బుద్ధెరిగి ఇంత నొప్పి ఎరుగను" అనిపించేది. దానితో వాంతి, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఒక కనురెప్ప వాలిపోవడం, స్పృహ తప్పడం ఉండవచ్చు. ఎండదెబ్బ అనుకుని పడుకోబెట్టకండి. ముక్కులో పసరు పోయకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ఆస్పిరిన్ మాత్ర ఇవ్వకండి, రక్తం మరింత కారుతుంది. వెంటనే 108కి ఫోను చేసి, సి.టి. స్కాను ఉన్న ఆస్పత్రికి చేర్చండి. మొదటి ఆరు గంటలలో తీసిన స్కానులో రక్తస్రావం బాగా కనబడుతుంది. ఒకసారి చిట్లినది మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి రోజునే ఎక్కువ. పొదిలి మీదుగా ఒంగోలు చేరడానికే చాలాసేపు పడుతుంది గనుక ఇంటి దగ్గర ఆలస్యం చేయవద్దు. ప్రార్థన దారిలోనూ చేయవచ్చు.

చిట్లినవారిలో సుమారు మూడోవంతు చనిపోతారు. అయినా వైద్యం ఉంది. బుడగ మెడకు క్లిప్పు వేసి మూసే ఆపరేషన్ 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ మొదట చేశారు. ఇప్పుడు తొడ దగ్గరి నాళంలోనుండి సన్నని గొట్టం పంపి, బుడగను తీగచుట్టలతో నింపే పద్ధతి కూడా వచ్చింది. అమెరికా నాయకుడు జో బైడెన్‌కు 1988లో ఇటువంటి బుడగలు రెండింటికి ఆపరేషన్లు జరిగాయి. 2021లో ఆయన ఆ దేశానికి అధ్యక్షుడయ్యారు.

గనుక ఈ వారమే ఇంట్లో పెద్దలందరికీ బి.పి. చూపించండి. డాక్టరు మాత్ర రాస్తే, బాగుందని మధ్యలో మానవద్దు. మీ ఎరుకలో ఇటువంటి నింద మోస్తున్న సహోదరి ఎవరైనా ఉంటే, ఆ చావుకు ఆమె కారణం కాదని చెప్పండి. నలుగురూ వినేటట్టు చెప్పండి.