ప్రభుత్వం చేతి డాలు

‘సావరిన్ ఇమ్యూనిటీ’ అన్న మాటను తెనిగించవలసి వచ్చినప్పుడల్లా నా కలం ఆగుతుంది. ‘సార్వభౌమ రక్షణ’ అంటే ఎవరికి, ఎవరినుంచి రక్షణ? రాజు తప్పు చేయడన్న పాత ఆంగ్ల భావన దీనికి మూలం.

1947లో మీరట్ పోలీసులు ఒక వర్తకుని బంగారం పట్టుకున్నారు. హెడ్ కానిస్టేబులు దానిని కాజేసి పాకిస్తాన్‌కు పారిపోయాడు. పోలీసుల అజాగ్రత్త రుజువైనా, అరెస్టు, సోదా, జప్తు రాజ్యాధికార విధులు గనుక ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కరలేదని 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జరిగిన పని ఎవరైనా చేయగల వ్యాపారమా, రాజ్యానికే చెందిన అధికారమా అన్నది గీటురాయి.

కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో ఆ గీటురాయి చాలలేదు. తమకు ప్రాణభయం ఉన్నదని తండ్రీకొడుకులైన ఇద్దరు ఖైదీలు ముందే మొరపెట్టుకున్నారు. 1977 మే నెలలో ఒక రాత్రి దుండగులు బాంబులు విసిరారు. తండ్రి మరణించాడు, కొడుకు గాయపడ్డాడు. జైలు నిర్వహణ రాజ్యాధికారమేనని ప్రభుత్వం డాలు అడ్డుపెట్టింది. రాజ్యాంగపు 21వ అధికరణం కాపాడే ప్రాణహక్కు ముందు అది నిలువదని హైకోర్టు రూ. 1,44,000 ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరిచింది. అప్పటికి ఇరవై మూడేళ్లు!

డాలు అడ్డురాని చోటా జాప్యం తప్పలేదు. నేనుంటున్న జంషెడ్‌పూర్‌లో 1989 మార్చి 3న టాటా వ్యవస్థాపక దినోత్సవంలో చెలరేగిన మంటలు 60 మందిని బలిగొన్నాయి. వ్యాజ్యాన్ని వైరంగా సాగించబోమని కంపెనీయే సుప్రీంకోర్టుకు విన్నవించింది. అయినా లెక్క తేలేసరికి 2001 వచ్చింది. ఆ లెక్కలో గృహిణి చాకిరీకి కట్టిన వెల నెలకు రూ. 3,000.